చాడీలు రాసి మాత్రమే ఇవ్వవలెను

మా మూడు జిల్లాల్లో పిల్లలందరూ జూన్ నెలలోనే పుడతారు. నేను చెప్పేవి నమ్మవద్దని మా ఆవిడ పెళ్లైన మొదటి వారంలోనే ఇరుగుపొరుగుకు చాటింపు వేసింది కాబట్టి మీరూ నమ్మనక్కర్లేదు. గద్వాలలోనో వనపర్తిలోనో నాగర్‌కర్నూల్‌లోనో ఏదైనా బడికి వెళ్లి ప్రవేశాల రిజిస్టరు తెరిచి చూడండి. చలికాలంలో పుట్టినవాడు ఒక్కడు కనపడితే నా పేరు మార్చుకుంటాను. సంగతేమిటంటే, బిడ్డను బడిలో వేయడానికి వచ్చిన తల్లిని "ఎప్పుడు పుట్టిండమ్మా?" అని అడిగితే, "గదే సార్, మా ఎర్ర బర్రె ఈనిన యేడు" అంటుంది. రిజిస్టరులో బర్రెకు గడి లేదు. బడి తెరిచేది జూన్‌లో, పేర్లు రాసుకునేది జూన్‌లో. అందుకని సారు చేతిలో పిల్లలు కూడా జూన్‌లోనే పుడతారు.

అట్లాగే మా మూడు జిల్లాల్లో ఊరు కూడా ఒక్కటే. ఇది తెలుగు సారుగా నేను ఇరవై ఏళ్లకు పైగా నోటుబుక్కులు దిద్ది కనిపెట్టిన నిజం. మొదట కోడేరులో పనిచేశాను, తర్వాత వనపర్తి పక్కన, ఆ తర్వాత గద్వాల దగ్గర గట్టు అనే ఊరు దాటాక ఇంకో ఊళ్లో. ఎక్కడ "మా ఊరు" అని వ్యాసం రాయమన్నా ఒకే ఊరు వచ్చేది. "మా ఊరు మిక్కిలి అందమైనది. ఊరి పక్కన ఏరు గలగల పారుచుండును. కొబ్బరి తోటలు తలలూపుచు అతిథులకు స్వాగతము పలుకును." గట్టు వైపు మీరెప్పుడైనా వచ్చారో లేదో, అక్కడ ఎర్రనేల, బండరాళ్లు, నీళ్లు పడని బోర్లు. అక్కడ ఒక కొబ్బరిచెట్టు తలూపితే ఊరంతా డప్పులతో వెళ్లి చూసొస్తుంది. అయినా ఆ వ్యాసం కింద ఎర్రపెన్నుతో "బాగుంది" అని రాసిన మహానుభావుణ్ణి నేనే. కోడేరులో ఒకడు మాత్రం, "మా ఊర్ల నీళ్ల ట్యాంకు కింద ఎండకాలం కుక్కలన్ని పండుకుంటయి, ఎందుకంటే అది కారుతది" అని రాశాడు. ఆ ముక్క మీద ఈ మూలనుంచి ఆ మూలకు ఎర్రగీత కొట్టి, "విషయమునకు సంబంధము లేదు" అని రాసిందీ నేనే.

నేను చెప్పబోయేది గట్టు అవతలి బడిలో జరిగింది. ఫోనులో పిల్లల ముఖాలు చూసి హాజరు పట్టే యాప్ అప్పటికింకా రాలేదు. హాజరు వేయడానికి సార్ల చేతులే ఉండేవి. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆ బడిలో మొదటిరోజు పదో తరగతి పిల్లలకు నా పద్ధతిలో నన్ను పరిచయం చేసుకున్నాను. "నేను కోడేరులో ఉన్నప్పుడు ఒకరోజు ఎంత గాలి వచ్చిందంటే, అప్పుడే పెట్టిన నా సంతకం సిరా ఆరకముందే రిజిస్టరులోంచి లేచింది. కిటికీలోంచి బయటపడింది. ఎగిరి ఎగిరి పక్క మండలం బడి రిజిస్టరులో పోయి పడింది. ఆ దినం రెండు బళ్లలోనూ నేను హాజరు!"

అందరూ నవ్వారు. రెండో బెంచీలోంచి ఒక పిల్ల మాత్రం లేచి నిలబడింది.

"మరి గా బడిల పాఠం ఎవలు చెప్పిండ్రు సార్? గా సంతకమే చెప్పిందా?"

ఇంత చక్కగా నా అబద్ధం కాలర్ పట్టుకున్నవాళ్లు అంతవరకు లేరు. ఆ రోజునుంచి ఆ పిల్లను గమనించడం మొదలుపెట్టాను. వాళ్ల నాన్న విత్తనపత్తి కోసం కొంత భూమి కౌలుకు తీసుకుని చేస్తాడు. ఇంట్లో ఉర్దూ, వీధిలో మా పాలమూరు తెలుగు. రెండింట్లోనూ ఆ పిల్ల నోటికి అడ్డు లేదు. మధ్యాహ్నం నల్లా దగ్గర పళ్లేలు కడుక్కుంటూ నన్ను అనుకరించేది. నా నడక, నా దగ్గు, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి "అంటే ఏమన్నమాట?" అనడం, అన్నీ. నేను స్టాఫ్‌రూమ్ కిటికీలోంచి చూసేవాణ్ణి. నాకంటే ఆమె చేసిన నేనే బాగుండేవాణ్ణి.

ఈ పిల్ల పరీక్ష కాగితం మాత్రం చూడాలి. ప్రశ్నను ముత్యాల్లాంటి అక్షరాలతో దించుతుంది. కింద స్కేలుతో రెండు గీతలు. తర్వాత "జవాబు" అని రాసి రెండు చుక్కలు పెడుతుంది. ఆ చుక్కల తర్వాత ఇక ఏమీ ఉండదు. పేజీ అంత తెల్లగా ఉంటే దిద్దే చేతికి చలి పుడుతుంది.

వానాకాలం సగానికి వచ్చేసరికి మా వైపు బళ్లలో ఒక విచిత్రం జరుగుతుంది. బెంచీలు ఖాళీ అవుతాయి, రిజిస్టర్లు నిండుతాయి. విత్తనపత్తిలో క్రాసింగ్ పని మొదలవుతుంది. అంటే ఒక చెట్టు పువ్వుకు వేరే చెట్టు పుప్పొడి చేత్తో అంటించడం. చిన్న వేళ్లయితే పని సుతారంగా జరుగుతుందని పిల్లల్ని చేలకు తీసుకుపోతారు. దసరా దాటేదాకా తిరిగి రారు. ఈ పిల్ల కూడా పోయింది. క్లాసు టీచర్‌ని నేను. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు. బడిలో తలలు తగ్గితే బడికే ఎసరు. అందుకని పొద్దున్నే పిల్లలు చూస్తుండగానే ఆ పిల్ల పేరు ఎదురుగా రోజూ ఒక పొట్టి గీత కొట్టేవాణ్ణి, వచ్చినట్టు. పుణ్యం చేస్తున్నానన్న సంతోషంతో టీ కూడా బాగా దిగేది.

దసరా అయ్యాక ఆ పిల్ల గోళ్లు అరిగిపోయి, ముఖం నల్లబడి వచ్చింది. వచ్చిన వారానికే పరీక్ష పెట్టాము. ప్రశ్న, రెండు గీతలు, జవాబు, రెండు చుక్కలు.

మా హెడ్మాస్టరును అందరూ పెద్దసారు అనేవాళ్లు. మంచివాడే. ఆయనకు ఒకే ఒక జబ్బు, వంద శాతం. బడి గేటుకు ముందు ఏడాది ఫలితాల ఫ్లెక్సీ ఇంకా వేలాడుతుండేది. దాని మీద ఆయన ముఖం బడి కంటే పెద్దగా ఉండేది. ఆయన నన్ను పిలిచాడు.

"ఏమయ్యా, గా విత్తనపత్తి పోరి సంగతేంది?"

"తెలివైన పిల్ల సార్."

"నోట్ల తెలివుంటే సర్కారు మార్కులేస్తదా? ఖాళీ కాయితం ఇచ్చుడు తప్ప ఏం తెల్వదాయె. నామినల్ రోల్స్ పోయేలోపల టీసీ చేతుల పెట్టి ఓపెన్‌ల కట్టిద్దాం. నా వంద శాతానికి గండి కొట్టకు."

నామినల్ రోల్స్ అంటే పబ్లిక్ పరీక్ష రాసే పిల్లల పేర్ల జాబితా. పై ఆఫీసుకు పోతుంది. అందులో పేరు లేకపోతే ఆ ఏడు బడి తరఫున పరీక్ష లేదు. ఓపెన్ స్కూల్లో ఫీజు కట్టిస్తామని పంపిన పిల్లల్లో కట్టినవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను, అదీ ఒక చేతి వేళ్ల మీద. మిగతావాళ్లు చేలకు పూర్తిగా దక్కారు.

మర్నాడు ఆ పిల్ల తండ్రిని పిలిపించారు. ఆయన చెప్పులు గుమ్మం బయట విడిచి, కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడ్డాడు.

"మా పోరి ఇంట్ల నోరు తెరిస్తె రేడియో సార్" అన్నాడు. "కాయితం ముందట పెడితె ఏమైతదో ఏమో, కరెంటు పోయినట్టయితది."

పెద్దసారు ఓపెన్ సంగతి చెప్పాడు. తండ్రి నేల చూశాడు. "మీరు చెప్పినంక నేనేమంట సార్. చేన్ల పని ఉండనే ఉన్నది. జర ఆమెను గూడ అడుగుండ్రి."

గుమ్మం దగ్గరున్న పిల్ల తనే అడిగింది. "ఓపెన్ అంటే బడికి రావద్దా సార్?"

"రానక్కరలేదమ్మా. పరీక్షకొస్తె సాలు."

"బడికి రాకుండ పరీక్ష రాసుడు నాకు కొత్త గాదు సార్. నాకు బడి గావాలె."

పెద్దసారుకు మొదటి మాట అర్థం కాలేదు. నాకు అయింది. అందుకని గట్టిగా దగ్గి, కంగారులో పెద్ద మాట అనేశాను. "పదిహేను రోజులియ్యండి సార్. ఈ పిల్లతోని సొంతంగా రెండు పేజీలు రాయిస్తా."

"ఒక్క పేజీ" అన్నాడు పెద్దసారు. "నా ముందర చదవాలె. గైడ్లకెళ్లి దించితె ఊరుకోను, గైడ్లన్ని నాకు నోటికొచ్చు. పేజీ లేదంటె పేరు లేదు."

అలా ఒక పిల్ల బతుకు ఒక పేజీకి వచ్చింది, ఆ పేజీ నా గొప్పలకు వచ్చింది.

మొదటి వారం నేను చేసినవన్నీ వైద్యం పేరుతో రోగిని హింసించడమే. "మీ అమ్మ" గురించి రాయమన్నాను. రెండు చుక్కలు. "నాకు నచ్చిన పండుగ". రెండు చుక్కలు. సరే, నోటితో చెప్పు అన్నాను. ఊళ్లో పీర్ల పండుగ గురించి చెప్పడం మొదలుపెట్టింది. గుండం తవ్వడం, నిప్పుల మీద నడవబోయి వాళ్ల చిన్నాన్న లుంగీ అంటుకోవడం, పీరును ఎత్తుకున్న ఆ చిన్నాన్న దాన్ని వదల్లేక, మంట ఆర్పలేక, "ఎవరన్నా ఒక చెంబుడు నీళ్లు పొయ్యుండ్రిరా" అని దేవుడి గొంతుతో అరవడం. నేను కళ్లు తుడుచుకుంటూ నవ్వాను.

"ఇప్పుడిదే రాయి" అన్నాను.

నన్ను జాలిగా చూసింది. "ఇది రాసేది గాదు సార్. చెప్పేది."

"ఎవరన్నారు?"

"మీరే. ఆరో తరగతిల మా తమ్ముడు, 'బస్సు కిందికెళ్లి కుక్క ఉరికింది' అని రాస్తె ఎర్రగీత కొట్టిండ్రు. కుక్క నిజంగనే ఉరికింది సార్. నేను గూడ చూసిన."

కోడేరు నీళ్ల ట్యాంకు కింది కుక్కలు లేచి ఇంతదూరం వచ్చి నన్ను కరిచినట్టయింది. ఆ సాయంత్రం ఎర్రపెన్ను టేబుల్ సొరుగులో పడేశాను.

దారి దొరికింది మాత్రం నా తెలివివల్ల కాదు, విసుగువల్ల. ఏ బడిలోనైనా సారు కుర్చీలో కూర్చోగానే చాడీల వరస మొదలవుతుంది. "సార్, వీడు గిచ్చిండు", "సార్, ఆమె నన్ను బర్రె అన్నది", "సార్, మీరు పోయినంక వీడు మీ కుర్చీల కూసున్నడు". చెట్ల మీద మూడు వాక్యాలు రాయలేనివాళ్లు చాడీ చెప్పేటప్పుడు తారీఖుతో, సాక్షులతో, నేరస్తుడి పాత నేరాలతో సహా చెబుతారు. ఒకరోజు తల నొప్పిగా ఉండి, "నోటితో చెప్పేది బంద్! రాసియ్యండి!" అని అరిచాను. అరిచాక ఆ మాట నాకే నచ్చింది. సుద్దముక్కల అట్టపెట్టెకు పైన బ్లేడుతో చీలిక కోసి, ముందు ఒక కాగితం అంటించాను: "చాడీలు రాసి మాత్రమే ఇవ్వవలెను." నియమాలు కొన్నే. ఏం జరిగింది, ఎక్కడ, ఎప్పుడు, చూసినవాళ్లెవరు. నోటితో ఎట్లా చెబుతారో అట్లాగే రాయాలి. శనివారం చివరి పీరియడ్‌లో రాసినవాళ్ల పేరు చెప్పకుండా నేను పైకి చదువుతాను. తిట్టించుకున్నవాళ్లు సోమవారానికి రాసే జవాబివ్వాలి.

రెండు రోజుల్లో పెట్టె నిండింది. "చెట్లు మనకు నీడనిచ్చును. చెట్లు మనకు గాలినిచ్చును. చెట్లు మనకు" అని అక్కడే ఆగిపోయిన ఒకడు ఇట్లా రాశాడు: "సార్, మూడో బెంచోడు నా పెన్ను తీస్కపోయిండు. అడిగితె మా మామ పెండ్లిల ఇచ్చిండ్రు అంటుండు. ఆయన మామకు పెండ్లే కాలేదు. పోయిన నెల పోయి పిల్లను చూసొచ్చిండ్రు. గామె ఈయన ఎత్తు పండ్లు చూసి వద్దన్నది. ఊరందరికి తెలుసు." సోమవారం జవాబు వచ్చింది: "సార్, పెండ్లి కాకున్నా మా మామ పెన్ను కొనగలడు. పండ్ల గురించి రాసుడు అన్యాయం."

ఒక మొదలు, ఒక చివర, మధ్యలో వాదన, పైగా దెబ్బ. గైడు రాసేవాళ్లకు ఏడాదంతా గొడ్డుచాకిరీ చేసినా రానిది ఒక పెన్ను దొంగతనంతో వచ్చేసింది. పెద్దసారు మాత్రం మూతి ముడిచాడు. "ఏందయ్యా, బడిని ఠాణా చేస్తివి?"

ఆ పిల్ల పెట్టె దగ్గరికి రాలేదు. మూడు రోజులు మిగిలి ఉండగా నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, ఒక్క మాట."

"పెట్టెలో వెయ్యి."

"నోటితోని చెప్తె ఒక్క నిమిషంల ఒడుస్తది సార్."

"ఒడవదు. రాయి."

"ఎవల మీదనైన రాయొచ్చా?"

"ఎవరి మీదనైనా. నా మీద కూడా రాయొచ్చు" అన్నాను, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, న్యాయదేవత తమ్ముడిలాగా.

"పక్కా?"

"పక్కా."

శనివారం చివరి పీరియడ్‌కు పెద్దసారు వచ్చి కుర్చీలో కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు. నామినల్ రోల్స్ సోమవారం పోవాలి. నేను పెట్టె తెరిచి రెండు చిన్న చాడీలు చదివాను. మూడోది నాలుగు మడతల కాగితం. విప్పితే రెండువైపులా నిండుగా ముత్యాల అక్షరాలు. నా గుండె ఎగిరింది. మొదటి వరుస చదివాను, పైకి కాదు, లోపల. ఎగిరిన గుండె అట్లాగే పైన ఉండిపోయింది.

"తెలుగు సారు మీద చాడీ. జరిగింది రిజిస్టర్ల."

ఇట్లాంటి సమయంలో మంచివాళ్లు ఏం చేస్తారో నాకు తెలియదు. నేను మాత్రం అలవాటైన పనే చేశాను. కాగితం కళ్ల ముందు పెట్టుకుని, లేనిది చదివాను. "'మా తెలుగు సారు పాఠము మధ్యలో అబద్ధములు చెప్పుచున్నారు. దానివలన మాకు నవ్వు వచ్చి పాఠము మరచిపోవుచున్నాము...'"

పెద్దసారు నవ్వాడు. పిల్లలూ నవ్వారు. రెండో బెంచీలో ఆ పిల్ల లేచింది.

"సార్, గది నేను రాయలే."

"కూర్చోమ్మా. పేర్లు బయటపెట్టొద్దని నియమం."

"తెలుసు సార్. నా కాయితంల లేంది మీరు సదువుతుండ్రు. నేను రాసింది సదువుండ్రి."

పెద్దసారు కాలు దించాడు. "ఏంది, నువ్వు రాసినవా?"

"రెండు దిక్కుల రాసిన సార్."

ఇక ఇరుక్కుపోయాను. చదవకపోతే ఆ పిల్ల రాసినట్టు రుజువు లేదు, పేరు పోతుంది. చదివితే నా ఉద్యోగం మీదికి వస్తుంది. ఒక్క క్షణం కాదు, చాలాసేపే ఆలోచించాను. నేనేమీ త్యాగమూర్తిని కాను. ఆ పిల్ల కూర్చోలేదు, అంతే. నిలబడి చూస్తుంటే చదవక తప్పలేదు.

"తెలుగు సారు మీద చాడీ. జరిగింది రిజిస్టర్ల. క్రాసింగ్ మొదలైన కాన్నుంచి దసరా దాంక. చూసింది మా అమ్మి, మా చేను.

"గన్ని దినాలు నేను బడికి రాలే. పొద్దుగూకినంక, మొగ్గ విచ్చకముందే దాని రెక్కలు తీయాలె. లోపలి పుప్పొడంత గోటితోని గీకి తీయాలె. నడిమిట్ల ఉండే కాడకు గోరు తగలొద్దు, తగిల్తె పువ్వు రాలిపోతది. తెల్లారి మగపువ్వు తెంపి ఆ కాడకు రుద్దాలె. రుద్దినంక దానికి దారం కట్టాలె. దారం ఉన్నదంటె పని అయినట్టు. ఒకసారి నాకు నిద్రొచ్చి, రుద్దకుండనే ఒక సాలు మొత్తం దారం కట్టిన. మా అబ్బా వచ్చి దారం చూసి షాబాష్ అన్నడు. తర్వాత గా సాలుల ఒక్క కాయ నిలవలే. అప్పుడు తిట్టిండు. నన్ను తిట్టిండు, చెట్టును తిట్టలే.

"తెలుగు సారు గన్ని దినాలు నాకు ఉత్తదారం కట్టిండు. పాఠం నా మీద రుద్దలే. ఇప్పుడు అందరు దారం చూసి కాయ ఏది అంటుండ్రు. బడికొచ్చింది, పాఠం విన్నది, అయినా రాస్తలేదు, మొద్దు అంటుండ్రు. నేను మొద్దు కాదు. నేను లేను. లేను అని రాస్తె, ఏమేం పాఠాలు పోయినయో అన్న తెలుస్తుండె. పెద్దసారు చెట్టును పీకేస్తా అంటుండు. సారు కట్టిన దారం విప్పి, పాఠం మళ్ల చెప్పాలె. గిదే నా చాడీ."

నేను కాగితం మడిచాను. మడవడానికి చాలాసేపు పట్టింది. అప్పుడు వెనకనుంచి ఒకడు, "సార్, గాలికి ఎగిరొచ్చి పడ్డదేమో సార్, హాజరు!" అన్నాడు. నా అబద్ధం నాకే వడ్డించారు. పిల్లలంతా బెంచీలు చరిచి నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. పెద్దసారు నవ్వలేదు.

ఆఫీసు గదిలోకి పోగానే తలుపేశాడు. "నెలాఖరుకు రిజిస్టర్ల నా సంతకం గూడ ఉంటదయ్యా" అన్నాడు, నేను మరిచిపోయినట్టు. "చింపెయ్ గా కాయితం. పోరికి టీసీ రాయి. సోమవారం దాంక ఎందుకు, ఇయ్యాల్నే."

నా జీవితంలో నేను చెప్పిన అబద్ధాల్లో చాలావరకు ఎవరికీ ఏ పనికీ రాలేదు. ఒకటి మాత్రం ఆ గదిలో పనికొచ్చింది.

"చింపితే ఏం లాభం సార్? గద్వాల బస్టాండు ముందర జిరాక్సు తీపిచ్చిందట. ఒక కాపీ వాళ్ల అబ్బా జేబులో ఉన్నదట."

పెద్దసారు తలుపు గడియ మరోసారి చూసుకున్నాడు. "రెండు దిక్కుల తీపిచ్చిందా?"

"రెండు దిక్కులా సార్."

ఆయన కూర్చున్నాడు. నీళ్ల సీసా మూత తీసి, తాగకుండానే మళ్లీ పెట్టాడు. ఆయనకు నా సంతకం ఎగిరిన కథ తెలుసు. కానీ పెద్ద పెద్ద అబద్ధాలు చెప్పేవాడు ఇంత చిన్న జిరాక్సు అబద్ధం చెబుతాడని ఎవరికీ తోచదు. నాకిది ఎన్నోసార్లు కలిసొచ్చింది.

"మంచిగనే రాసింది పోరి" అన్నాడు చివరకు. "గైడ్ల యాడ లేదు గిది. మంచిగ రాసి మన ఇద్దరి కొంప మీదికి తెచ్చింది. సరే, పేరు ఎక్కిద్దాం. గానీ గా పెట్టె ఇయ్యాల్నే కాలబెట్టు."

మర్నాడు ఆదివారం. నేను గద్వాలలో ఇంట్లో ఉండి, రిజిస్టరులో ఆ పొట్టి గీతల్ని తలచుకుంటూ గడిపాను. సోమవారం ప్రార్థన గంటకు ముందే ఆ పిల్ల నోటుబుక్కుతో వచ్చింది. తను లేని రోజుల్లో నడిచిన పాఠాల పేర్లన్నీ పక్క పిల్లను అడిగి రాసుకుంది. నా ముందు పెట్టింది. ఆ రోజునుంచి పరీక్షలదాకా రోజూ ఒక గంట ముందే బస్సెక్కాను. కండక్టరు కూడా, "ఏం సార్, తప్పు చేసిండ్రా?" అన్నాడు. అవునన్నాను. నమ్మలేదు. నేను నిజం చెబితే వచ్చే ఇబ్బంది ఇదే.

తర్వాత ఫలితాలొచ్చాయి. గేటుకు కొత్త ఫ్లెక్సీ కట్టారు. మళ్లీ వంద శాతం. పెద్దసారు ముఖం ఈసారి ఇంకా పెద్దది. అట్టడుగున పిల్లల ఫోటోలు గోరంత. ఆ పిల్లది ఏదో వెతికితే గాని దొరకదు. సన్మానంలో శాలువా కప్పుకుని ఆయన, పిల్లల్లో రాత పెంచడానికి బడిలో తాను చేసిన కొత్త ప్రయోగాల గురించి మాట్లాడాడు. నేను చప్పట్లు కొట్టాను. అబద్ధం బాగా చెబితే ఎవరిదైనా మెచ్చుకుంటాను.

కానీ నాకు బాగా గుర్తున్నది పరీక్ష, ఫలితం కాదు. ఆ సోమవారం మధ్యాహ్నం. నామినల్ రోల్స్ టేబుల్ మీద పరిచి, పెద్దసారు ఒక్కొక్కరినే పిలిచి సంతకం పెట్టిస్తున్నాడు. పిల్లలు వచ్చి, ఆయన వేలు పెట్టిన చోట గీకి పోతున్నారు. ఆ పిల్ల వంతు వచ్చింది. తన పేరు చూసుకుంది. పెన్ను అందుకుంది. పెట్టలేదు. కాగితం మీదికి వంగింది.

"సంతకం పెట్టమ్మా, ఎనక ఇంక శానమంది ఉన్నరు" అన్నాడు పెద్దసారు. "ఏం సదువుతున్నవే గంతసేపు?"

"రాసింది నిజమేనా అని చూస్తున్న సార్."

ఆమె అరిగిన గోరు వరుస వెంబడి మెల్లగా పోయి ఒకచోట ఆగింది. "సార్, ఈడ జూన్ అని ఉన్నది. మా అమ్మి నేను చలికాలంల పుట్టిన అంటది. నన్ను కుంపటి పక్కన పండబెట్టిందంట."

పెద్దసారు నావైపు చూశాడు. ఈ ఒక్క విషయంలో నేను నిజంగా అమాయకుణ్ణి కాబట్టి ఫ్యాను వైపు చూశాను.

"గది... ఆధార్‌ల ఉన్నదే ఉంటదమ్మా. పెట్టు."

వరసలో వెనకున్నవాడు మెడ సాచి కాగితంలోకి చూశాడు. "సార్, నాది గూడ జూనే ఉన్నది!"

"నాది గూడ!"

"సార్, మా అక్కది, నాది ఒక్కటే నెల!"

పెద్దసారు చేత్తో కాగితం కప్పేసి, నా వైపు వంగి, పళ్ల మధ్యలోంచి అడిగాడు. "గా పెట్టె కాలబెట్టినవా లేదా?"

"శనివారమే కాలబెట్టిన సార్" అన్నాను.

నోటితోనే కదా చెప్పాను. రాసివ్వలేదు.